కొలవకుండా చెప్పిన తొమ్మిదిన్నర

మొన్నటి ఆదివారం మా మేనల్లుడు వంశీ జగిత్యాల నుంచి సిరిసిల్లలో మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా నన్ను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకుపోయి, తన కారు డిక్కీ ఎత్తి చూపించాడు. లోపల నీలం రంగు సిలిండరు ఒకటి, ఏడాది పిల్లవాడంత ఉంది, పట్టీలతో బిగించి ఉంది. దాని మెడ దగ్గర మొదలైన సన్నటి పైపు సీట్ల కింద నుంచి ఇంజను దాకా పోయింది. వాడికి జగిత్యాలలో కార్ల ఏసీలు బాగుచేసే షాపు ఉంది. పొద్దున లేస్తే గ్యాసుతోనే వాడి పని కాబట్టి, గ్యాసు గురించి ఇంకొకరు తనకు చెప్పాల్సింది ఏమీ లేదన్నది వాడి ధీమా. ఇది నైట్రస్ ఆక్సైడ్ అని, స్టీరింగు పక్కన బొత్తాం నొక్కితే బండి ఇంకో బండి అయిపోతుందని, కలపాల్సిన తీగలు రెండే మిగిలాయని, వచ్చే వారం స్నేహితులతో పందెం ఉందని ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. నేను సగమే విన్నాను. ఆ నీలం రంగును నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను. ముప్పై ఏళ్ళు దాటినా ఆ రంగు చీర కట్టడం నాకు ఇష్టం ఉండదు.

"ఇంజను కంప్రెషన్ ఎంతరా?" అని అడిగాను. కంపెనీ నుంచి వచ్చినప్పుడే పదకొండు దాటిందని గర్వంగా చెప్పాడు. అంత కంప్రెషన్ ఉన్న ఇంజనుకు ఈ గ్యాసు పెట్టొద్దని, మీ తాత బతికుంటే డిక్కీ దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదని అన్నాను. వాడు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ముసలివాళ్ళ భయాలను చూసి పిల్లలు నవ్వే నవ్వే. "తాత లెక్క తప్పిండట గద అత్తమ్మా. అందరు చెప్తరు. నాకు తప్పది, అంత ల్యాప్‌టాప్‌ల ఉంటది" అన్నాడు. ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. వాణ్ణి అనడానికి ఏముంది? మా అన్న కొడుకు వాడు, ఇంట్లో విన్నదే అన్నాడు. మా బాపు లెక్క తప్పాడన్న కథను కోరుట్లలో ముప్పై ఏళ్ళుగా అందరూ చెప్పుకుంటూనే ఉన్నారు. అది అబద్ధమని తెలిసిన మనిషిని నేను. తెలిసీ నోరు తెరవలేదు.

కోరుట్లలో మా పుట్టింటికి రోడ్డు వైపు షెడ్డు, వెనక ఇల్లు. అందుకని మా ఇంట్లోకి రావాలంటే ఎవరైనా ఇంజన్ల మధ్య నుంచే రావాలి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా అట్లనే వచ్చి, ధోవతికి గ్రీజు అంటించుకుని కూర్చున్నారు. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. ఇద్దరివీ సిరిసిల్ల మగ్గాల ఇళ్ళే. బాపు మగ్గం మీద కూర్చుని పెరిగినవాడే కాని, ఎట్లనో ఆయన మనసు ఇనుము మీద పడింది. కథలాపూర్, బీర్పూర్ దిక్కు బావుల మీద ఆయిల్ ఇంజన్లు పెట్టుకున్న రైతులు బాగుచేసేవాళ్ళు లేక తిప్పలు పడుతుంటే, ఉన్న మగ్గం తమ్ముళ్ళకు వదిలేసి అవ్వను వెంటబెట్టుకుని కోరుట్లకు వచ్చాడు. ఆయన పేరు నాంపెల్లి. నాంపెల్లి మేస్త్రి అంటే మెట్‌పల్లి దాకా తెలుసు. మా ఇంటి వాసన కిరసనాయిలు, గ్రీజు, రంపపు పొట్టు, వీటన్నిటి మీదుగా వెనక పొయ్యి మీద కాలే మక్కరొట్టె. బాపు చేతులు కడగడం ఒక పూజ. ముందు రంపపు పొట్టుతో రుద్ది, తర్వాత బట్టల సబ్బుతో, తర్వాత ఒట్టి నీళ్ళతో కడిగి, గోళ్ళలో నలుపు ఉందేమో వెలుతురుకు పట్టి చూసుకున్నాకనే కంచం ముందు కూర్చునేవాడు. తిన్నాక పేరిన నెయ్యి చిటికెడు తీసుకుని కుడిచేతి మూడు వేళ్ళ కొసలకు రాసుకునేవాడు. "తినే నెయ్యి పూసుకుంటరా ఎవలన్న" అని అవ్వ రోజూ గొణిగేది, రోజూ ఆ నెయ్యి గిన్నె తనే అందించేది.

ఆ వేళ్ళతోనే ఆయన బతుకు. ఇంజను సిలిండరు లోపలి గోడ అరిగిందా లేదా అని కొలిచే పరికరాలు ఆయన దగ్గర లేకపోలేదు. కాని ముందు వేళ్ళు లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా చుట్టూ తిప్పేవాడు. మగ్గం మీద తెగిన పోగును చీకట్లో కూడా వెతికి పట్టే చెయ్యి అది. వెంట్రుక మందం తేడా ఉన్నా ఆ వేళ్ళకు తెలిసేది. తర్వాత పరికరం పెట్టి చూస్తే అదే తేలేది. జగిత్యాల నుంచి కూడా ఇంజన్లు వచ్చేవంటే ఆ వేళ్ళను చూసే.

ఇంకొక సంగతి కూడా బాపు మగ్గాల ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నాడు. సిరిసిల్లలో మా నాయనమ్మ ఇంట్లో పడుగు పోగుల లెక్క ఆడవాళ్ళది. ఆమె లెక్కపెట్టి సంఖ్య ఒక్కసారి పైకి చెప్పేది. ఆ తర్వాత మొగవాళ్ళు ఎవరూ దాన్ని మళ్ళీ లెక్కపెట్టేవాళ్ళు కాదు. లెక్క మీద లెక్క పెట్టడమంటే మనిషిని దొంగ అన్నట్టేనని మా ఇంట్లో పట్టింపు. కోరుట్ల షెడ్డులో ఆ పట్టింపు నా మీదికి వచ్చింది. నేను డిగ్రీలో గణితం చదువుతున్నాను, కళ్ళు బాగున్నాయి, చెయ్యి వణకదు. ఇంజను పైభాగాన్ని మేస్త్రీలు హెడ్డు అంటారు. దాన్ని బోర్లించి, వాల్వుల అంచులకు గ్రీజు రాసి, చిల్లి ఉన్న అద్దం ముక్కను దాని గుంట మీద మూసి, ఆ చిల్లిలోంచి సూది లేని ఇంజెక్షను సిరంజితో కిరసనాయిలు పోయాలి. గుంట నిండేసరికి ఎంత పట్టిందో చూసి, ఇంజను సిలిండరు కొలతతో కలిపి కంప్రెషన్ లెక్క కట్టాలి. తొమ్మిదిన్నర అని వచ్చిందంటే తొమ్మిదిన్నర గిన్నెల గాలిని పిస్టను పైకి వచ్చి ఒక్క గిన్నెలోకి అదుముతుందని. పలక మీద నేను రాసిన సంఖ్యను బట్టి బాపు హెడ్డు కింద వేసే గాస్కెట్టు రేకు మందం, నిప్పు పుట్టే సమయం అన్నీ ఒకటొకటిగా కుదుర్చుకునేవాడు. నేను చెప్పిన సంఖ్యను ఆయన ఒక్కనాడూ తిరగేసి చూడలేదు. ఇరవై ఏళ్ళ పిల్లకు అంత గౌరవం ఆ రోజుల్లో ఇంకెక్కడ దొరికేది? ఆ గౌరవం విలువ నాకప్పుడు తెలియదు. గాలి ఉన్నట్టు అదీ ఉందనుకున్నాను.

ఆ ఎండాకాలం కథలాపూర్ నుంచి చిన్నదొర వచ్చాడు. దొరతనం పోయి చాలా కాలమైనా, ఆ ఇంటి కొడుకును మా దిక్కు అందరూ ఇంకా అట్లనే పిలిచేవాళ్ళు. మంచి మనిషి, కార్ల పిచ్చి. కరీంనగర్‌లో ఉన్న ఆయన మేనబావ విదేశీ బండి కొని, పెళ్ళిలో నలుగురి ముందు ఈయన చిన్న కారును వెక్కిరించాడట. పందెం పడింది. జగిత్యాల దిక్కు కాలువ పక్కన కొత్తగా వేసి ఇంకా బండ్లు వదలని రోడ్డు మీద తేల్చుకుందామనుకున్నారు. ఓడినవాడు మీసం తీయాలి. చిన్నదొర మీసం చాలా అందంగా ఉండేది. బొంబాయి నుంచి ఒక నీలం సిలిండరు, దాని సామాను తెప్పించుకుని మా షెడ్డులో పెట్టి, "నాంపెల్లీ, మీసం నీ చేతుల పెడుతున్న" అన్నాడు.

బాపు ఆ సిలిండరు చుట్టూ రెండు రోజులు తిరిగాడు. సామానుతో వచ్చిన కాగితాలను నా చేత చదివించుకుని, అర్థం కాని చోట మళ్ళీ మళ్ళీ అడిగాడు. మూడో రోజు పొద్దున ప్లగ్గులు తుడుస్తూ నాకు చెప్పిన మాట ఇది: "గీ గ్యాసు అగ్గి కాదు బిడ్డా. అగ్గికి ఊపిరి. పొయ్యిల ఊదుగొట్టం పెట్టి ఊదినట్టు. ఊపిరి ఎక్కువైతే పెట్రోలు గూడ ఎక్కువ పోవాలె. లేకుంటె పిస్టనే కాలుతది." ఇంజను ముందే గట్టిగా అదిమేదైతే లోపలి గాలి ముందే కాగి ఉంటుందని, అందులో ఈ ఊపిరి పోస్తే నిప్పు పుట్టాల్సిన క్షణం కన్నా ముందే అంతా భగ్గుమంటుందని, మన బంకుల్లో దొరికే పెట్రోలుకు అంత ఓపిక లేదని చెప్పాడు. ఎండకు సిలిండరు కాగితే లోపల ఒత్తిడి పెరిగి గ్యాసు ఎక్కువ తోస్తుంది, పెట్రోలు మాత్రం పెరగదు కాబట్టి చల్లటి పూట తప్ప వద్దన్నాడు. చివరికి ఒక గీత గీశాడు. కంప్రెషన్ పదిలోపల ఉంటే గ్యాసు వదిలే జెట్టుల్లో అన్నిటికన్నా చిన్నది పెట్టి ఇస్తాడు. పది దాటితే సిలిండరు తిరిగి కథలాపూర్ పోతుంది, దొర మీసం పోతే పోనీ. చిన్నదొర ఒప్పుకున్నాడు. అంటే ఆ బండికి గ్యాసు పెట్టడమా మానడమా అన్నది నేను పలక మీద రాసే సంఖ్య మీద నిలిచింది.

నేను కొలిచాను. తొమ్మిదిన్నరకు ఒక పిసరు తక్కువే వచ్చింది. కాని హెడ్డు ముఖం కాస్త వంకర పోయిందని, సిరిసిల్లలో మా మేనమామ లేతు యంత్రం మీద పైపైన గీకించి తెమ్మని బాపు అన్నను పంపాడు. మా అన్న శ్రీహరి నా కన్నా రెండేళ్ళు పెద్ద. పందెం రోజు బండి నడపాల్సింది వాడే. వాడిది ఇంజనుకు దెబ్బ పడకుండా నడపడం తెలిసిన చెయ్యి అని చిన్నదొరే వాణ్ణి అడిగాడు. మగ్గాల సామాను చేసే లేతు మీదే మా మామ ఇంజన్ల పని కూడా చేసేవాడు. అన్న సాయంత్రం చివరి బస్సుకు హెడ్డును గోనె సంచిలో చుట్టుకుని తిరిగి వచ్చాడు. గీకితే గుంట లోతు తగ్గి సంఖ్య పెరుగుతుంది, పొద్దున ఇంకోసారి కొలువు బిడ్డా అని బాపు నాతో చెప్పి పడుకున్నాడు.

పొద్దున నా స్నేహితురాళ్ళు ధర్మపురికి పోతున్నారు. గోదావరి స్నానం, దర్శనం, గాజులు, సాయంత్రానికి తిరిగి రావడం. నెల ముందు నుంచి అనుకున్నది. జగిత్యాల పోయి అక్కడ ఇంకో బస్సు ఎక్కాలి. నేను లేచేసరికి ఆలస్యమైంది. హెడ్డు బల్ల మీద ఉంది, సిరంజి ఉంది, కిరసనాయిలు ఉంది. గ్రీజు పట్టించి కొలవాలంటే అరగంట, మళ్ళీ చేతులు కడుక్కోవాలంటే ఇంకో పావుగంట, కట్టుకున్న కొత్త చీరకు కిరసనాయిలు వాసన పడుతుంది. పైపైన గీకితే మారేది ఎంతలే అనుకున్నాను. నేను జడ వేసుకుంటుంటే బాపు షెడ్డు గుమ్మంలోంచి "ఎంతొచ్చింది బిడ్డా" అని అడిగాడు. "తొమ్మిదిన్నర బాపు" అన్నాను. మంచిది అన్నాడు. నేను రిబ్బను ముడి వేసుకుని బస్సుకు పరుగెత్తాను. ధర్మపురిలో ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ గుర్తుంది, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

పందెం ఆదివారం. పొద్దున్నే పెట్టుకుందామన్నాడు బాపు. కరీంనగర్ బండి వచ్చేసరికి పన్నెండు అయింది. అవ్వ కట్టిచ్చిన సద్ది పట్టుకుని నేను కూడా పోయాను. ఎండ మండిపోతోంది. అన్న డిక్కీలోని సిలిండరు మీద తడి గోనె కప్పాడు కాని, అది ఎప్పుడో ఆరిపోయింది. బాపు చెయ్యి పెట్టి చూసి, ఇప్పుడొద్దు దొరా, సాయంత్రం చూద్దాం అన్నాడు. అవతలివాళ్ళు నవ్వడంతో చిన్నదొర పౌరుషానికి పోయాడు. బండ్లు కదిలాయి. మొదట మాది వెనకే ఉంది. తర్వాత అన్న బొత్తాం నొక్కినట్టున్నాడు, రాయి విసిరినట్టు ముందుకు పోయింది. అందరూ అరుస్తున్నారు. బాపు మాత్రం తల పక్కకు వంచి వింటున్నాడు. ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు ఒక చప్పుడు ఇంజనులోంచి సన్నగా వినబడింది. "పదకొండు... గిది పదకొండు" అని ఆయన గొంతులోనే అనుకోవడం పక్కన నిలబడ్డ నేను విన్నాను. ఆ వెంటనే దడేలుమంది.

పిస్టను నడినెత్తిన చిల్లి పడింది. ఆయిలు ఎగజిమ్మి కాగిన పైపుల మీద పడి అంటుకుంది. బండి గట్టుకు కొట్టుకుని ఆగింది. అన్న తలుపు తన్నుకుని బయటపడ్డాడు, దేవుడి దయ. కాని ఆ కుదుపుకు సిలిండరు పట్టీ తెగి పైపు ఊడి వెనక తెల్లగా పొగ చిమ్ముతోంది. ఆ ఊపిరి ముందరి మంటకు అందితే బండి పక్కన ఒక్కరూ మిగలరని అక్కడ బాపు ఒక్కడికే తెలుసు. పరుగెత్తి పోయి, డిక్కీ ఎత్తి, ఆ తెల్లటి పొగలోకి చెయ్యి పెట్టి వాల్వు తిప్పి మూసేశాడు. అందరూ ఇసుక పోసి మంట ఆర్పారు. బాపు కుడిచెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు. మూడు వేళ్ళు కొవ్వొత్తిలా తెల్లబడ్డాయి. ఆ గ్యాసు సిలిండరులోంచి బయటికి వచ్చేటప్పుడు మంచు కన్నా చల్లన. మిట్టమధ్యాహ్నం ఎండలో మా బాపు వేళ్ళు చలికి కాలాయి. జగిత్యాలలో డాక్టరు నమ్మలేక రెండుసార్లు అడిగాడు. పుండ్లు మానాయి, వేళ్ళు నిలిచాయి. కాని ఆ కొసలకు స్పర్శ మళ్ళీ రాలేదు. నెయ్యి గిన్నె అడగడం బాపు ఆ తర్వాత మానేశాడు. అవ్వ కూడా ఆ గిన్నెను మళ్ళీ ఆయన దగ్గర పెట్టలేదు.

నాలుగు రోజులకు చిన్నదొర షెడ్డుకు వచ్చాడు. గీసిన మూతి మీద చెయ్యి పెట్టుకుని, కోపం లేదు గాని, ఏమైంది నాంపెల్లీ అని అడిగాడు. విప్పిన ఇంజను బల్ల మీద ఉంది. నేను పలక పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. "లెక్క నాది దొరా. తప్పిన. మీ ఇంజను నేను కట్టిస్త" అన్నాడు బాపు. అంతే. నన్ను చూడలేదు, అన్నను చూడలేదు. చిన్నదొర ఆ మాటను పెద్ద మనసుతోనే పుచ్చుకున్నాడు, కాని మనిషి మాటకారి. పెళ్ళిళ్ళలో, పంచాయితీలలో తన మీసం పోయిన కథ చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఆ కథలో మా బాపు లెక్క తప్పిన నాంపెల్లి అయ్యాడు. కొన్నాళ్ళు జగిత్యాల ఇంజన్లు రావడం మానేశాయి. బాపు ఆ కథ తన ఎదుటనే చెప్తున్నా నవ్వుతూ వినేవాడు.

ఇంజను కట్టించాక మొదటి గిరాకీ హెడ్డు వచ్చిన రోజు, బాపు దాన్ని తుడిచి, సిరంజి నా ముందు పెట్టాడు. నాకు చెయ్యి రాలేదు. నువ్వు కూడా ఒకసారి చూడు బాపు అన్నాను. "నా వేళ్ళకు తెలుస్తలేదు బిడ్డా. ఇగ నీ కండ్లే నాకు" అని ప్లగ్గులు తుడుచుకోవడానికి పోయాడు. నేను కొలిచి చెప్పిన సంఖ్యను ఆయన మళ్ళీ చూడలేదు, అంతకు ముందు లాగానే. ఆ రోజు నుంచి ఏ లెక్కనైనా నేనే రెండుసార్లు కొలవడం నేర్చుకున్నాను. సిరిసిల్ల కాలేజీలో పాతికేళ్ళు పిల్లలకు గణితం చెప్పి పేరు తెచ్చుకున్నానంటే, అది ఆ సిరంజి నా ముందు తిరిగి పెట్టడం వల్లనే. తిట్టి ఉంటే నేను భయం నేర్చుకునేదాన్ని. ఆయన నమ్మి నన్ను మనిషిని చేశాడు. ఇప్పటి పిల్లలకు అన్నీ తెరమీద కనబడతాయి, తప్పయితే ఎర్ర గుర్తు వెలుగుతుంది. మంచిదే. ఆ ఎర్ర గుర్తు మా షెడ్డులో ఉండి ఉంటే బాపు వేళ్ళకు స్పర్శ మిగిలేది. కాని అప్పుడు ఆయన నాకిచ్చిన నమ్మకం ఎంత పెద్దదో నాకు తెలిసేది కాదు.

ఇదంతా వంశీకి డిక్కీ పక్కనే నిలబెట్టి చెప్పాను. మీ తాత లెక్క తప్పలేదు, నేను కొలవలేదు అన్నాను. పది దాటితే ఏమవుతుందో ఆయన ముందే గీత గీసి చెప్పాడు, నీ బండి ఆ గీతకు అవతల ఉంది అన్నాను. ల్యాప్‌టాప్‌లో కంపెనీ సంఖ్యే ఎక్కించానని, తన ఇంజను హెడ్డును బండి పాత యజమాని ఒకసారి గీకించాడని వాడు అప్పుడు చెప్పాడు. మళ్ళీ కొలిచావా అంటే లేదన్నాడు. వాల్వు మూసి, పైపు విప్పి, నా ముందే సిలిండరు కిందికి దించాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "బాపుకు తెలుసా ఇది?" అన్నాడు. వాళ్ళ బాపు అంటే మా అన్న. తెలియదు. చెప్పాలంటే నాకు చిన్నదొర కన్నా, ఊరి కన్నా అన్నంటేనే భయం. మా అన్న నన్ను చూసుకున్నట్టు ఈ భూమ్మీద ఎవరూ చెల్లెను చూసుకోలేదు. మా ఆయన హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్న రెండు నెలలూ వరండాలో చాప వేసుకుని వాడే ఉన్నాడు. నేను ఒంటరినయ్యాక ప్రతి నెలా కోరుట్ల నుంచి వచ్చి తలుపు గడియలు, బావి మోటారు సరిచూసి పోతాడు. వాడి ప్రాణం నా బద్ధకం వల్ల పోబోయిందని తెలిశాక వాడి కళ్ళల్లోకి ఎట్లా చూడాలి? కాని బాపు పేరు వాడి కొడుకు నోట్లో అట్లా నలుగుతుంటే ఇంకా ఊరుకోవడం నా వల్ల కాలేదు. అదే బండిలో కోరుట్లకు పోయాం.

అన్న షెడ్డు ముందు కుర్చీలో ఉన్నాడు. కూర్చోకముందే చెప్పేశాను. విన్నాడు. "నువ్వు కొలువనే లేదా?" అన్నాడు. లేదన్నాను. "నాకోసం అబద్ధం చెప్పినవనుకున్ననే చెల్లె" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. సిరిసిల్లలో పైపైన గీకమని బాపు చెప్పిన హెడ్డును, ఇంకింత గీకమని మామను బతిమాలింది అన్నే. బండి ఎగరాలని వాడి ఆశ. పొద్దున నేను తొమ్మిదిన్నర అనడం విని, కొలిచీ తనను కాపాడడానికి తక్కువ చెప్పాననుకున్నాడు. పందెం తర్వాత బాపు సిరిసిల్ల పోయి మామను అడిగితే మామ ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. బాపు తిరిగి వచ్చి అన్నను పక్కకు పిలిచి, చెల్లె నీకోసం తన మాట పోగొట్టుకుంది, ఆమెను జీవితమంతా మంచిగా చూసుకో, ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు అన్నాడట. అన్న ముప్పై ఏళ్ళు ఆ మాట మీద నిలబడ్డాడు.

నేను జడ వేసుకుంటూ జవాబిచ్చిన సంగతి బాపుకు తెలుసు. ఆయన గుమ్మంలోంచి చూస్తూనే అడిగాడు. బల్ల మీద అద్దానికి గ్రీజు మరక కూడా లేదు. ఆ పొద్దున పట్టించుకోకపోయినా, పందెం తర్వాత ఇవన్నీ కలిపి చూసుకుంటే నేను కొలవలేదని ఆయనకు తెలిసే ఉంటుంది. "మరి బాపు నాకు గట్లెందుకు చెప్పిండు?" అని అన్న అడిగాడు. వంశీయే అన్నాడు, మెల్లగా: "మీరిద్దరు ఒకరినొకరు విడువొద్దని కావొచ్చు."

అన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. లేచి, లోపలికి పోయి, ఫోను తెచ్చి చిన్నదొరకు కలిపాడు. చిన్నదొర ఇప్పుడు పెద్దవాడైపోయాడు, చెవి సరిగ్గా వినబడదు, అందుకని అన్న గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. "దొరా, గా దినం లెక్క తప్పింది మా బాపు కాదు. హెడ్డు ఎక్కువ గీకిచ్చింది నేను. ఇగ మీరు గా కథ చెప్పేటప్పుడు నా పేరు చెప్పుండ్రి" అన్నాడు. అన్న ఫోను నా చేతికిచ్చి, నీది నువ్వు చెప్పు అన్నట్టు తల ఆడించాడు.

నేను నా పేరు చెప్పాను. నాంపెల్లి బిడ్డను అన్నాను. కొలవకుండా చెప్పింది నేనేనని, ఆయనకు వినబడేదాకా, మూడుసార్లు చెప్పాను.